గాజువాక అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు

వార్సా, ఆదివారం

చిరంజీవి కార్తీక్‌కు అక్క ఆశీస్సులు.

ఇక్కడ మీ బావ, నేను కులాసా. చలి ఇంకా పూర్తిగా వదలలేదు. ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. ఫోనులో అయితే నేను రెండో మాట ఎత్తగానే నీకు ఛార్జింగ్ అయిపోతుంది.

అమ్మ జరిగినదంతా చెప్పింది. సైబర్‌పంక్ 2077 అనే వీడియో గేమ్‌ని గాజువాక అబ్బాయి ఒకడు వీడియోలో చీల్చి చెండాడాడని, నువ్వూ నీ ఎంవీపీ కాలనీ మిత్రబృందమూ అతని నంబరు సంపాదించి, అర్ధరాత్రి దాకా వంతులవారీగా ఫోన్లు చేశారట. ఒకసారి వాళ్ల అమ్మగారు ఎత్తితే, ఎవరు ఎత్తారో చూసుకోకుండా ఆ తిట్లన్నీ ఆవిడకే వినిపించారట. ఆవిడ తోడికోడలు మన అమ్మతో కలిసి లలితా సహస్రనామ పారాయణానికి వచ్చే మనిషేనని మీలో ఎవరికీ తెలియదు. విశాఖ ఎంత పెరిగినా ఈ విషయంలో మాత్రం చిన్న ఊరే. శుక్రవారం ప్రసాదంతోపాటు మీ ఘనకార్యం కూడా అమ్మ చేతిలో పడింది. నాన్నకు ఇంకా తెలియదు. చెప్పవద్దని అమ్మను ఒప్పించింది నేనే, అది గుర్తుపెట్టుకుని మిగతాది చదువు.

ఆ వీడియో నేను మొదటి నుంచి చివరి దాకా చూశాను. నువ్వు చూశావా? నాకు అనుమానమే. అబ్బాయి మాట కరుకే, ఒప్పుకుంటాను. వీధుల్లో జనం లేరన్నాడు. మనుషుల ముఖాలు దగ్గరికి వెళ్లాక తీరిగ్గా తయారవుతున్నాయన్నాడు. నేరం చేసి నాలుగు వీధులు దాటితే పోలీసులు మన సంగతే మరిచిపోతారన్నాడు. గంట ఆడేలోపు ఆట దానంతట అదే మూసుకుపోయిందని, అది జరుగుతుండగా తీసి చూపించాడు. నువ్వు అమ్మతో అన్నావట, 'అన్నీ అబద్ధాలు, నా కంప్యూటర్‌లో ఒక్కటీ లేదు' అని. నీ కంప్యూటర్‌లో లేదు, నిజమే. వీడియో మొదట్లోనే అతను తన యంత్రాన్ని చూపించాడు చూడు: సోనీవాళ్ల పాత గేమ్ యంత్రం పీఎస్4, పైగా ఎవరో వాడి అమ్మినది. నువ్వు ఆడుతున్నది 2023 సెప్టెంబరులో 2.0 పేరుతో వచ్చిన పెద్ద మార్పుల తర్వాతి ఆట. ఆ 2.0 పీసీకి, పీఎస్5కి, కొత్త ఎక్స్‌బాక్స్‌కి వచ్చింది. పీఎస్4కి రాలేదు, ఇక రాదు కూడా. పాత యంత్రాలకు 2022లో వచ్చిన 1.6 దగ్గరే పెద్ద మార్పులు ఆగిపోయాయి. అంటే పేరు ఒకటే అయినా అతను ఆడినదీ నువ్వు ఆడినదీ రెండు వేరు వేరు ఆటలు. అతను తన ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పాడు.

నువ్వు ఈ ఆట దగ్గరికి వచ్చేసరికి పెళ్లి విందంతా వడ్డించి ఉంది. వంటగదిలో ఏం జరిగిందో నువ్వు చూడలేదు. 2020 డిసెంబరులో నీకు ఆన్‌లైన్ క్లాసులు, నాన్న పాత ల్యాప్‌టాప్. నేను అప్పటికి వార్సాకి కొత్త. ఈ ఆట చేసిన సీడీ ప్రాజెక్ట్ ఇక్కడిదే. విస్తులా నదికి అవతల ప్రాగా పేటలో వాళ్ల ఆఫీసు. 1994లో మార్చిన్ ఇవిన్స్కి, మిహావ్ కిచిన్స్కి అనే ఇద్దరు స్నేహితులు విదేశీ ఆటల సీడీలు తెచ్చి అమ్మడంతో మొదలైన సంస్థ. పోలండ్ వాళ్లకు అదంటే ఎంత గర్వమో నీకు ఒక్క ఉదాహరణ చెబుతాను. 2011లో ఒబామా ఇక్కడికి వచ్చినప్పుడు ప్రధాని టుస్క్ ఇచ్చిన కానుకల్లో వీళ్ల 'విచర్ 2' ఆట ఉంది. 2014లో మళ్లీ వచ్చిన ఒబామా ఆ ఆట ప్రస్తావన తెచ్చి, తనకు వీడియో గేములు అంతగా రావని నవ్వుతూ చెప్పాడు. దేశాధ్యక్షుడికి ఆటను కానుకగా ఇచ్చే ఊళ్లో ఆ సంస్థ కొత్త ఆట వస్తోందంటే ఎలా ఉంటుందో ఊహించుకో. 2012లో ప్రకటించారు. 2020లోనే ఏప్రిల్ అన్నారు, సెప్టెంబరు అన్నారు, నవంబరు అన్నారు, చివరికి డిసెంబరు 10 అన్నారు. ఆ చివరి వాయిదా మూడు వారాలది. దానికి కోపం పట్టలేక ఆట తయారుచేసేవాళ్లకే చంపుతామని బెదిరింపులు పంపినవాళ్లు ఉన్నారు. వాళ్లు కూడా అభిమానులమనే చెప్పుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆట అమ్మకానికి రావడానికి మూడు రోజుల ముందు, డిసెంబరు 7న, రివ్యూలు వచ్చాయి. చాలామంది ఆకాశానికి ఎత్తారు. గేమ్‌స్పాట్ అనే ఆటల వెబ్‌సైటులో కాలీ ప్లాగ్ అనే ఆవిడ మాత్రం 10కి 7 ఇచ్చింది. ఆటలో లోపాలు ఎక్కువగా ఉన్నాయని, ఆ లోకంతో తనకు బంధం కుదరలేదని రాసింది. ఇక చూడు, ఆవిడ మీద పడ్డారు. ఆవిడకు ఆడటం రాదన్నారు, ఆడమనిషి అన్నారు, అనరానివన్నీ అన్నారు. అన్నవాళ్లలో దాదాపు ఎవ్వరూ ఆ ఆటను ఇంకా ముట్టుకోనేలేదు. ముట్టుకునే వీలే లేదు, ఇంకా విడుదల కాలేదు కదా!

అదే రోజు గేమ్ ఇన్ఫార్మర్ పత్రికలో లియానా రూపర్ట్ అనే ఆవిడ ఒక హెచ్చరిక రాసింది. ఆవిడకు మూర్ఛ వ్యాధి ఉంది. ఆటలో తలకు తొడిగే పరికరం ఒకటి ఉంటుంది కదా, నువ్వు 'బ్రెయిన్‌డాన్స్' అంటుంటావే, అది మొదలయ్యేటప్పుడు కళ్ల ముందు ఎరుపు, తెలుపు దీపాలు వేగంగా మెరుస్తాయి. వాటివల్ల ఆడుతూ ఆడుతూ ఆవిడకు ఫిట్స్ వచ్చాయి. 'నాలాంటి వాళ్లు ఈ చోట జాగ్రత్త' అని రాసింది, అంతే. దానికి కొందరు వీరాభిమానులు ఏం చేశారో తెలుసా? ఆవిడకు కావాలని మెరుపులు మెరిసే వీడియోలు పంపారు. మూర్ఛ ఉన్న మనిషికి, మూర్ఛ రావాలని! ఒక ఆటకు చెడ్డ పేరు రాకూడదని ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చేంత దూరం వెళ్లారు. ఆట తయారుచేసినవాళ్లు మాత్రం ఆవిడకు బహిరంగంగా ధన్యవాదాలు చెప్పి, ముందు హెచ్చరిక పెట్టి, ఆ తర్వాత ఆ దీపాల మెరుపునే తగ్గించారు. నువ్వు ఇవాళ కళ్లు చిట్లించకుండా ఆ ఘట్టం ఆడుతున్నావంటే అది ఆవిడ చలవ.

10వ తేదీ వచ్చింది. మా టీమ్‌లో ఒకతను ఆ రోజుకు ముందే సెలవు పెట్టుకున్నాడు. అతనిది పీఎస్4. రెండు రోజుల తర్వాత వీడియో కాల్‌లో ముఖం చూస్తే ఇంట్లో ఎవరికైనా బాగాలేదేమో అనుకున్నాను. రివ్యూలు రాసినవాళ్లకు ముందుగా ఇచ్చింది పీసీ ఆట ఒక్కటే. మామూలు పీఎస్4లో ఎలా ఉందో విడుదలకు ముందు ఎవరికీ చూపించలేదు. సొంతంగా తీసిన దృశ్యాలు చూపించడానికి కూడా రివ్యూవాళ్లకు అనుమతి లేదు. రివ్యూల మార్కులకు సగటు తీసే మెటాక్రిటిక్ వెబ్‌సైటులో పీసీకి 86, పీఎస్4కి 57. ఇంత తేడా! 14న సంస్థ క్షమాపణ చెప్పి, నచ్చనివాళ్లు డబ్బు వెనక్కి తీసుకోవచ్చంది. 18న సోనీ తన ఆన్‌లైన్ దుకాణంలోంచి ఆటనే తీసేసింది. ఆరు నెలలు దాటాక, 2021 జూన్ 21న గానీ తిరిగి పెట్టలేదు. పెట్టినప్పుడు కూడా పీఎస్4లో ఇబ్బందులు ఉండవచ్చని రాసి మరీ పెట్టింది. అంతకుముందే, 2021 జనవరిలో, ఇవిన్స్కి కెమెరా ముందు కూర్చుని మళ్లీ క్షమాపణ అడిగాడు. కాలీ ప్లాగ్‌ను తిట్టినవాళ్లలో ఎంతమంది తర్వాత డబ్బు వెనక్కి అడిగారో ఎవరూ లెక్క తీయలేదు. తీసి ఉంటే చదవాలని నాకు మహా కోరికగా ఉంది.

నాకు అర్థమైనంతవరకు ఇలాంటి కోపానికి ఆటతో పనే ఉండదు. తమ ఎదురుచూపును ఎవరో తక్కువ చేశారని కోపం. 2013లో జీటీఏ 5 అనే ఆటకు కరొలిన్ పెటిట్ అనే ఆవిడ 10కి 9 ఇచ్చింది. తొమ్మిదిరా! ఆడవాళ్లను చూపించిన తీరు బాగాలేదని పక్కన ఒక మాట రాసినందుకు, ఆవిడను ఉద్యోగంలోంచి తీసేయమని 20,000 మందికి పైగా సంతకాలు పెట్టారు. మన జగదాంబ దగ్గర మొదటి ఆట పడకముందే సినిమా సూపర్ హిట్ అని తేల్చేసి, బాగాలేదన్నవాడి చొక్కా పట్టుకునే పెద్దమామయ్య కొడుకు గుర్తున్నాడా? నీలో వాడి పోలిక నాకు ఇంతకుముందు కనిపించలేదు.

అయినా నా ఉద్యోగం ఏమిటో నీకు తెలుసు కదా. ఎవరో కష్టపడి రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టడం. శుక్రవారం సాయంత్రం నేను ఒక బగ్ నమోదు చేస్తే, అది రాసిన మనిషి నావైపు చూసే చూపు నువ్వు చూడాలి. మొదట 'నా దగ్గర బాగానే పనిచేస్తోంది' అంటాడు. సరిగ్గా నువ్వు అన్న మాటే. ఏ యంత్రం మీద, ఏ వరసలో నొక్కితే వస్తోందో నేను రాసి ఇస్తాను. అప్పుడు అతను కూర్చుని అలాగే చేసి చూస్తాడు. వస్తుంది. గాజువాక అబ్బాయి చేసింది ఈ పనే, అదీ జీతం లేకుండా.

సంక్రాంతి రోజు నువ్వు ఫోనులో గంటసేపు ఏం చెప్పావో గుర్తుందా? ఆటలోని నైట్ సిటీలో పోలీసులు కార్లు వేసుకుని వెంటపడితే వంతెనలు దాటి, అడ్డాలు గుద్ది ఎలా తప్పించుకున్నావో ఊపిరి ఆడకుండా చెప్పావు. అమ్మ అరిసెలు తినమని పిలుస్తున్నా వినలేదు. ఆ వెంటపడటం 2020లో లేదు. అప్పట్లో నేరం చేస్తే పోలీసులు గాలిలోంచి ఊడిపడ్డట్టు వీపు వెనుక ప్రత్యక్షమయ్యేవారు, కారు ఎక్కి తరిమేవారు కాదు. ఇదేం పోలీసులని ప్రపంచమంతా వెక్కిరించింది. 2.0లో ఆ వ్యవస్థను మార్చారు, నైపుణ్యాల పట్టికను కూడా తిరగరాశారు. అన్నీ బాగున్నాయని నీలాంటివాళ్లు భజన చేసి ఉంటే వాళ్లు మూడేళ్లు ఆ పని మీద కూర్చునేవారా? నువ్వు ప్రాణంగా చూసుకునే ఆట సగం దాన్ని తిట్టినవాళ్ల పుణ్యమే. ఆ కుర్రాడికి నువ్వు ఫోను చేయాల్సి వస్తే థాంక్స్ చెప్పడానికి చేయాలి.

తిట్టేవాళ్లందరూ పతివ్రతలని నేను అనడం లేదు. 2020 జూన్‌లో 'ది లాస్ట్ ఆఫ్ అస్ 2' వచ్చిన రోజే వేలమంది మెటాక్రిటిక్‌లో సున్నాలు వేశారు. అది పాతిక గంటల ఆట. పూర్తిచేసి వేశారంటే నమ్మాలా? ఆ తర్వాత మెటాక్రిటిక్, ఆట విడుదలైన 36 గంటల దాకా మామూలు ఆటగాళ్ల రేటింగులు తీసుకోకూడదని నియమం పెట్టుకుంది. ఆ ఆటలో ఒక పాత్రకు గొంతు ఇచ్చిన నటి లారా బెయిలీకి చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. ఆడకుండా పొగిడేవాడికీ ఆడకుండా సున్నా వేసేవాడికీ నేను తేడా చూడను. కానీ గాజువాక అబ్బాయి ఆడాడు, కింద పడ్డాడు, మళ్లీ మొదలుపెట్టాడు, అదంతా చూపించాడు. వాణ్ణి ఆ గుంపులో కలపకు.

కోపం వచ్చినా పద్ధతిగా చెప్పినవాళ్లు ఉన్నారు. 2012లో 'మాస్ ఎఫెక్ట్ 3' ఆట ముగింపు అభిమానులకు నచ్చలేదు. ఏది ఎంచుకున్నా చివరికి రంగు మాత్రమే మారుతోందని వాళ్ల గొడవ. చందాలు వేసుకుని, ఆ ఆట చేసిన కెనడా సంస్థకు సుమారు 400 చిన్న కేకులు పంపారు. పైన ఎరుపు, నీలం, ఆకుపచ్చ క్రీము. లోపల అన్నీ ఒకే వెనీలా! ఆ సంస్థవాళ్లు ఆ కేకులను నిలువనీడ లేని పిల్లల ఆశ్రయానికి ఇచ్చేశారు. ఆ జూన్‌లో ముగింపును విస్తరించి ఉచితంగా ఇచ్చారు. మీకు నిజంగా ఆ వీడియో మీద కసి ఉంటే ఆర్కే బీచ్ మురీ మిక్చర్ పొట్లం కట్టించి పంపాల్సింది. అది తిన్నాకైనా అతని భాషలో కారం తగ్గేదేమో.

ఇక చేయాల్సిన పనులు. ఈ ఉత్తరం అందాక వచ్చే ఆదివారం గాజువాక వెళ్లు. ముందు ఆవిడ కాళ్లకు దండం పెట్టి క్షమించమని అడుగు. ఒక్కడివే వెళ్లు, బృందాన్ని వెంట తీసుకెళితే దండయాత్రలా ఉంటుంది. అడ్రసు అమ్మ దగ్గర ఉంది. తర్వాత ఆ అబ్బాయి అనుమతిస్తే అతని పీఎస్4 మీద రెండు గంటలు ఆడి చూడు. అతనికి ఇష్టమైతే మన ఇంటికి పిలిచి నీ కంప్యూటర్ మీద ఆడనివ్వు. ఆడాక కూడా బాగాలేదంటే, నోరు మూసుకుని ఎందుకో విను. ఆ గ్రాఫిక్స్ కార్డుకు ద్వారకానగర్‌లో డబ్బు కట్టింది నేను, కాబట్టి ఇంత చెప్పే హక్కు నాకు ఉందనుకుంటున్నాను.

మా ఆఫీసులో శ్రీకాకుళం అమ్మాయి మే నెలాఖరులో ఊరికి వస్తోంది. తిరిగి వచ్చేటప్పుడు నాకోసం సామాను తెస్తానంది. అమ్మను అడిగి కొత్తావకాయ ఒక సీసా, మాడుగుల హల్వా అరకిలో సిద్ధం చేయించు. ఆవకాయ మూతకు టేపు గట్టిగా వేయండి, పోయినసారి నూనె మొత్తం నా చీరలే తాగాయి.

నీ అక్క