సీట్ల లెక్కేనా, హద్దుల మాటెవరికీ పట్టదా?

అయ్యా,

నియోజకవర్గాల పునర్విభజన మీద పోయిన వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం, దాని మీద పాఠకులు రాసిన ఉత్తరాలు చదివాను. అందరిదీ ఒకటే లెక్క. ఉత్తరాదికి ఎన్ని సీట్లు పెరుగుతాయి, మన వాటా ఎంత తగ్గుతుంది, తెలంగాణకున్న 17 లోక్‌సభ సీట్లు ఎన్నవుతాయి? ఆ కోపం నాకూ ఉంది. ఇద్దరు పిల్లలు చాలు అని సర్కారు చెబితే విన్న రాష్ట్రాల బలం ఇప్పుడు జనాభా లెక్కతో తగ్గించడం అన్యాయం. అందుకే 1976లో 42వ సవరణతో సీట్ల వాటాను 1971 జనాభా లెక్కల దగ్గర ఆపారు. 2002లో అమల్లోకి వచ్చిన 84వ సవరణతో ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించారు. ఇదంతా అందరూ రాస్తున్నదే. ఆ సీటు గీత ఏ ఊరి మీదుగా పోతుంది, అందులో గెలిచే మనిషి ఎక్కడివాడు అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

మాది మర్రిగూడ మండలం. జిల్లా నల్లగొండ, అసెంబ్లీ మునుగోడు, పార్లమెంటు భువనగిరి. 2016లో జిల్లాలు చీల్చినప్పుడు మా మునుగోడు సీటులోని చౌటుప్పల్, నారాయణపురం యాదాద్రి జిల్లాకు పోయాయి, మేం నల్లగొండలోనే ఉండిపోయాం. ఇక పార్లమెంటు సీటుకొస్తే, మాతోపాటు ఇటు ఇబ్రహీంపట్నం, అటు జనగామ, తుంగతుర్తి. మర్రిగూడ మనిషికి జనగామతో ఏం పని? సంత కలవదు, బస్సు కలవదు. ఐదేళ్లకోసారి ఓటు మాత్రం కలుస్తుంది.

ఇది ఉత్త మ్యాపు గొడవ అనుకునేవాళ్లు మా మండలానికి వచ్చి చూడాలి. పళ్లు పసుపు తిరిగి, నడుము వంగి, తల ఎత్తి ఎదుటి మనిషి మొహం చూడలేని పెద్దవాళ్లు ఇప్పటికీ మా వాడల్లో అరుగుల మీద కూర్చొని కనిపిస్తారు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వాళ్ల ఎముకల్లో దిగింది. అట్లాంటి ఒక వాడకు ఎంపీ నిధుల కింద నీళ్ల పని అడుగుదామని దరఖాస్తు పట్టుకొని ఒక ఆఫీసుకు పోయాం. గుమాస్తా కాగితం మీద ఊరి పేరు చూసి, "మీ ఎంపీ ఇటు కాదు కదా సార్, అటు జిల్లాల అడుగుండ్రి" అన్నాడు. అటు పోతే, "మీ మండలం మా జిల్లాల లేదు" అన్నారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎంపీకి ఏడాదికి వచ్చేది 5 కోట్లు, పంచాల్సింది ఏడు అసెంబ్లీ సీట్లకు. మూలకున్న మండలం దాకా అందులో ఎంత వస్తుందో చెప్పక్కర్లేదు. ఏ ఆఫీసులోనైనా ఇదే తీరు. మండలం పేరు విని పక్క ఊరి దారి చూపించడానికి అధికారి ఎందుకు, జీతం ఎందుకు?

పాలమూరుదీ ఇదే గతి. నాగర్‌కర్నూల్ పార్లమెంటు సీటు తుంగభద్ర ఒడ్డున, కర్నూలుకు ఆనుకొని ఉన్న అలంపూర్ దగ్గర మొదలై కల్వకుర్తి సీటు మీదుగా హైదరాబాద్ దారిలోని ఆమనగల్లు దాకా వస్తుంది. మహబూబ్‌నగర్ సీటులో ఒక చివర కృష్ణా ఒడ్డు మక్తల్, ఇంకో చివర షాద్‌నగర్. వలస పోయే మక్తల్ కూలీ కష్టం వేరు, ఫ్యాక్టరీలు, ప్లాట్ల నడుమ బతికే షాద్‌నగర్ రైతు కష్టం వేరు.

చట్టంలో ఏం రాసుందో మన నాయకులు ఒకసారి చదవాలి. పునర్విభజన చట్టం 2002లోని 9వ సెక్షన్ ప్రకారం సీటు వీలైనంతవరకు భౌగోళికంగా ఒక్కచోట కుదురుగా ఉండాలి. జిల్లా, మండల హద్దులు, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు చూడాలి. 2008లో మిర్యాలగూడ పార్లమెంటు సీటు ఎత్తేసి భువనగిరి పెట్టినప్పుడు మా వీలు ఎవరు చూశారు? పునర్విభజన కమిషన్ ఉత్తర్వు గెజెట్‌లో వచ్చాక దాన్ని కోర్టులో ప్రశ్నించడానికి లేదని కూడా ఆ చట్టంలోనే ఉంది. ఆ కమిషన్‌లో సహ సభ్యులుగా కూర్చునేది మన ఎంపీలు, ఎమ్మెల్యేలే. తమ సీటు తమకు దక్కుతుందా లేదా అన్నదే వాళ్ల లెక్క.

ఇక మనిషి సంగతి. మా ఊళ్లో వార్డు మెంబరుగా నిలబడాలన్నా ఆ ఊరి ఓటరు జాబితాలో పేరుండాలి. లోక్‌సభకు ఆ నిబంధన లేదు, దేశంలో ఎక్కడ ఓటున్నా చాలు. రాజ్యసభకైతే ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలనే షరతు ఉండేది, 2003లో దాన్నీ తీసేశారు, 2006లో సుప్రీంకోర్టు సరేనంది. రాష్ట్రాల సభ అని పేరు పెట్టుకొని ఆ రాష్ట్రంలో ఉండక్కర్లేదంటే ఇంక అది ఎవరి సభ? ఒక పార్టీ అని లేదు, అన్ని పార్టీలూ ఇట్లా బయటివాళ్లను పంపాయి. బయటివాళ్లంతా పనికిరారని నేను అనడం లేదు. సిద్దిపేట ప్రాంతపు కేసీఆర్ 2009లో మహబూబ్‌నగర్ నుంచి గెలిచారు, ఆయన అక్కడి ఎంపీగా ఉండగానే తెలంగాణ బిల్లు పాసైంది. అయితే రాష్ట్రం తేవడం వేరు, మక్తల్ కూలీ గోడు వినడం వేరు. రెండోదానికి అక్కడే ఉండే మనిషి కావాలి.

1952లో బొల్లేపల్లి బిడ్డ రావి నారాయణరెడ్డిని నల్లగొండ జనం నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపారు. మా పల్లెల పోరాటం నడిపినవాడని పంపారు. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినేవాడు లేక అదే నల్లగొండలో 480 మంది పోటీలో నిలిచారు, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఆ ఎన్నికల తర్వాత కేంద్రం లోక్‌సభ అభ్యర్థి కట్టే డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. గోడు వినే పని కంటే నామినేషన్లు తగ్గించే పని ముందు అయింది.

మా ఎంపీలనూ ఎమ్మెల్యేలనూ నేను అడిగేది రెండే. ఈసారి ఒక మండలం జిల్లా ఒకటి, పార్లమెంటు ఇంకొకటి కాకుండా గీత గీయించండి. రాజ్యసభకు స్థానిక ఓటరు నిబంధన మళ్లీ తెమ్మని సభలో అడగండి. మీ పత్రికకూ ఒక మనవి. కమిషన్ ముసాయిదా బయటికి వచ్చిన రోజే మండలాల పేర్లతో సహా మ్యాపు జిల్లా పేజీలో వేయండి. అభ్యంతరాలకు ఇచ్చే గడువు తేదీ పెద్ద అక్షరాల్లో వేయండి. మా మండలం నుంచి దరఖాస్తులు మేం రాసి పంపుతాం.

— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా