గొంతు ఆగాక గిటారు

ఒరేయ్ రమణా,

ఎలా ఉన్నావు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేను కెన్యాలోని కిసుము వచ్చి మూడు నెలలయింది. పగలంతా ఎండ మండిపోతుంది గానీ, సాయంత్రం విక్టోరియా సరస్సు మీద నుంచి గాలి వీస్తే ప్రాణం లేచొస్తుంది. సరే, నీకొక మనిషి గురించి చెప్పాలి, రెండు వారాలుగా అతని పాటలే వింటున్నాను.

డానియెల్ ఒవినో మిసియాని. ఇక్కడ డి.ఓ. అంటే చాలు, ఎవరైనా చెబుతారు. 1940లో సరిహద్దుకి అవతల, టాంజానియాలోని షిరాటి ప్రాంతంలో పుట్టాడు. లువో జాతివాడు. సరస్సు ఒడ్డున ఆ జనం రెండు దేశాల్లోనూ ఉన్నారు. ఇంట్లోవాళ్ళు బాగా భక్తిపరులు, ఈయన గిటారు పట్టుకోవడం వాళ్ళకి సుతరామూ గిట్టలేదట. అయినా వదల్లేదు. 1960ల్లో కెన్యా వచ్చి బ్యాండు పెట్టి, దానికి సొంత ఊరి పేరే పెట్టుకున్నాడు: షిరాటి జాజ్. జాజ్ అన్నారని సాక్సోఫోన్లు ఊహించుకోకు. ఆ రోజుల్లో ఇటు బ్యాండు పేర్ల చివర ఆ మాట తగిలించేవాళ్ళు. వీళ్ళు వాయించేది బెంగా, అంటే లువోల గిటారు సంగీతం.

లువోలకి న్యాటిటి అని ఎనిమిది తీగల వాయిద్యం ఉంది. నేలకి దగ్గరగా చిన్న పీట మీద కూర్చుని తీగలు మీటుతూ, కాలి బొటనవేలికి తొడిగిన ఇనప కడియంతో దాని చట్రం మీదే టకటకా తాళం వేస్తారు. కాలికి గజ్జెలు కూడా. మన బుర్రకథలో కథకుడు తంబురా మీటుతూ చేతి అందెతో తాళం వేస్తాడు చూడు, నాకు అదే గుర్తొచ్చింది. ఆ తీగల నడకే బెంగా గిటారులోకి వచ్చింది.

పాట మొదట్లో గొంతు ఒక మాట అంటుంది, గిటారు బదులిస్తుంది. సగం దాటాక గొంతు ఆగిపోతుంది. అక్కడి నుంచి గిటార్లూ, బేసూ, డ్రమ్సూ ఒకదాన్ని ఒకటి తరుముకుంటూ పోతాయి. మొన్న టీ తాగుతుంటే రేడియోలో ఒక పాట వచ్చింది. సరిగ్గా గొంతు ఆగేసరికి, బల్ల తుడుస్తున్న పెద్దాయన గుడ్డ అక్కడే వదిలేసి, కళ్ళు మూసుకుని భుజాలు కదిలించడం మొదలుపెట్టాడు. పాట అయ్యేదాకా ఆయన్ని ఎవరూ పిలవలేదురా.

మిసియాని పాటల్లో ప్రేమ ఉంది, లువోల పాత చరిత్ర ఉంది. పాలకుల్ని అనాలంటే బైబిలు కథలో, జంతువుల కథలో పెట్టి అనేవాడు. అర్థం కావలసినవాళ్ళకి అర్థమయ్యేది, అందుకే జైలు కూడా చూశాడు. నాకు బాధగా అనిపించేది ఇదే: ఇంతమంది తమవాడనుకున్న మనిషి, సరిహద్దు అవతల పుట్టాడన్న మాట కూడా పడాల్సి వచ్చింది.

2006 మే నెలలో ఇక్కడే, కిసుములో, రోడ్డు ప్రమాదంలో పోయాడు. అరవై ఆరేళ్ళు. అప్పటికీ పాడుతూనే ఉన్నాడు.

నీకు మూడు పాటలు పంపుతున్నాను. ఫోన్ స్పీకర్లో వినకు, బేస్ వినపడదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకో. భాష తెలియదని మధ్యలో ఆపేయకు, గొంతు ఆగేదాకా ఆగు. ఎలా అనిపించిందో ఆ రాత్రే రాయి.

నీ
వాసు