సీతాకోకచిలుకల పార్కులో పురుగుమందు!

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో సీతాకోకచిలుకల పార్కు ప్రారంభోత్సవం ఫొటో వేశారు. రిబ్బను, కత్తెర, పెద్దలు అందరూ ఉన్నారు. సీతాకోకచిలుక మాత్రం సిమెంటుతో చేసింది ఒక్కటే. వెళ్లి చూశాను. పెటూనియా, బంతి, కంచె పొడవునా లాంటానా. తేనె తాగి పోవడానికి అవి చాలు. గుడ్లు పెట్టాలంటే వాటి పిల్లలు, అంటే గొంగళిపురుగులు, తినే ఆకు ఉండాలని బడి పిల్లలకీ తెలుసు.

ఆ ఆకు అక్కడ ఉండేది కూడా. జిల్లేడు, తంగేడు పొదలను "పిచ్చిమొక్కలు" అని పొక్లెయినుతో పీకించారు! ప్లెయిన్ టైగర్ అనే సీతాకోక పిల్లలు పెరిగేది జిల్లేడు మీద. పసుపు సీతాకోకలకు తంగేడు, రేల. ఈశ్వరి తీగో, దాని జాతి మొక్కో లేకపోతే క్రిమ్సన్ రోజ్ సీతాకోక గుడ్డే పెట్టదు.

ఇవి నర్సరీల్లో దొరకవంటారు. విత్తనం రోడ్డు పక్కనే దొరుకుతుంది కదా! తంగేడు గింజకు తోలు గట్టి, ఊరికే మట్టిలో పడేస్తే మొండికేస్తుంది. గరుకు కాగితం మీద రుద్ది రాత్రంతా నానబెట్టాలి. ఉబ్బిన గింజను సంచుల్లో వేసుకోవాలి, ఉబ్బనిదాన్ని మళ్లీ రుద్దాలి. సీతాకోక పిల్లలు తినే కరివేపది వేరే దారి: నల్లగా పండిన కాయల గుజ్జు కడిగి వెంటనే విత్తాలి, ఎండబెట్టి దాచుకుంటే మొలవదు. దీనికి టెండరు పిలవనక్కర్లేదు, అందుకే ఎవరికీ పట్టలేదేమో.

పోనీ మొక్కలు పెంచారే అనుకుందాం. లైమ్ సీతాకోక పిల్ల నిమ్మాకు మీద మొదట్లో పిట్టరెట్టలా ఉంటుంది, ఎదిగాక పచ్చగా మారి కొమ్మను బోడి చేస్తుంది. చేయనివ్వాలి, పార్కు ఉన్నదే అందుకు. ఇక్కడేమో ఆకుకు చిల్లు పడితే మేస్త్రీకి మెమో. వారం వారం పురుగుమందు కొడుతున్నామని కాపలాదారు గర్వంగా చెప్పాడు. సాయంత్రం దోమల పొగబండి అదనం.

కోనోకార్పస్ చెట్ల సంగతీ ఇంతే. త్వరగా పెరుగుతుందని రోడ్ల మధ్య బారులు తీర్చి నాటారు, తర్వాత వద్దన్నారు. నాటేటప్పుడు ఒక ఫొటో, కొట్టేటప్పుడు ఇంకో బిల్లు. ఏ మొక్క ఎందుకని అడిగే నాథుడే లేడు. వృక్షశాస్త్రం చదివిన లెక్చరర్లు ఊళ్లో ఉన్నారు, ఒక్కరినైనా పిలిచారా?

పార్కు వెనక మూల ఇంకా ఖాళీగా ఉంది. రెండో విడతలో అక్కడ ఫౌంటెన్ వస్తుందట. ఆ మూలను తంగేడుకూ జిల్లేడుకూ వదలండి. మందు డబ్బాలు మాత్రం ఇవాళే గోదాములో పెట్టి తాళం వేయించండి.

— ఒక పాఠకుడు