పక్షుల ఫొటోబుక్ మూడు కాపీలూ తప్పుగా ప్రింటయి వచ్చాయి, మళ్లీ వేసి పంపండి

గుంటూరు,
02-02-2026

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: 40 పేజీల ఫొటోబుక్, 3 కాపీలు. రంగులు, బైండింగ్, తెలుగు అక్షరాల్లో తప్పులు. రీప్రింట్ గానీ, పూర్తి డబ్బు వాపసు గానీ కోరుతూ.

ఆర్యా,

మీ వెబ్‌సైట్‌లో నేను ఆర్డర్ చేసిన ఫొటోబుక్ మూడు కాపీలు జనవరి మొదటి వారంలో అందాయి. ఒక్కోటి 2,990 రూపాయల చొప్పున మొత్తం 8,970 రూపాయలు ముందే కట్టాను. వచ్చిన మూడింట్లో ఒక్కటి కూడా నేను అడిగినట్టు లేదు. మీ కస్టమర్ కేర్‌కి ఫోన్లు చేశాను, మెయిళ్లు పంపాను, చాట్‌లో మాట్లాడాను. ప్రతిసారీ ఎవరో కొత్తవాళ్లు వస్తారు, మొదటి నుంచి అంతా మళ్లీ చెప్పించుకుంటారు. చివరికి 200 రూపాయల కూపన్ పంపి, ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ పెట్టారు. ఏదీ పరిష్కారం కాలేదు. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను.

ఈ పుస్తకం నాకెందుకు ఇంత ముఖ్యమో మీకు తెలియాలి. నేను బ్యాంకు ఉద్యోగిని. పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ ఫొటోలు తీసేవాణ్ణి కాదు. సెలవు దొరికితే కెమెరా తీసుకుని పక్షులున్న చోటికి వెళ్లడం నా అలవాటు. మా గుంటూరు పక్కనే ఉప్పలపాడు ఉంది. అక్కడ ఊరి చెరువులో దిబ్బల మీద ఉన్న చెట్లు చలికాలం వస్తే కొమ్మ కనపడనంతగా పెయింటెడ్ స్టార్క్ అనే పెద్ద కొంగలతో, గూడబాతులతో (పెలికాన్లు) నిండిపోతాయి. కైకలూరు దగ్గర ఆటపాకలో అయితే గూడబాతులు అటవీశాఖ వాళ్లు నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. సూళ్లూరుపేట వైపు నేలపట్టులో చెరువు నీళ్లలో నిలబడ్డ చెట్లే వాటికి ఇళ్లు. ఈ మూడు చోట్లా కొన్నేళ్లుగా తీసిన ఫొటోల్లోంచి ఏరి, పేజీ తర్వాత పేజీ ఏం రావాలో కూర్చుకుని ఈ పుస్తకం చేశాను.

మూడు కాపీల్లో ఒకటి మా ఇంటికి. ఒకటి కైకలూరులో ఉండే మా మావయ్యకి. తెల్లారకముందే లేచి స్కూటర్ మీద నన్ను ఆటపాక తీసుకెళ్లేది ఆయనే. మూడోది ఉప్పలపాడులో చెరువు పక్కన ఉండే ఒక మామ్మగారికి. వాళ్ల మేడ మీద నుంచి గూళ్లు ఎదురుగా కనిపిస్తాయి. ఎప్పుడు వెళ్లినా ఆవిడ మేడ తలుపు తీసి, మంచినీళ్లు ఇచ్చి, ఈ ఏడు ఏ పక్షి ముందు వచ్చింది, ఏ చెట్టు మీద పిల్లలు బయటపడ్డాయి అన్నీ చెప్పేవారు. ఫొటోల కింద నేను రాసినవి చాలావరకు ఆవిడ చెప్పిన సంగతులే. ఆవిడకి ఫోన్లో ఫొటోలు చూసే అలవాటు లేదు, తెలుగు మాత్రం బాగా చదువుతారు. కాబట్టి ఈ పుస్తకంలో రంగు ఎంత ముఖ్యమో అక్షరమూ అంతే ముఖ్యం.

ముందు రంగుల సంగతి. ఆర్డర్ ఫారంలో ‘ఆటో ఎన్‌హాన్స్’ అనే గడి ఉంది, అంటే ఫొటోల రంగుల్ని సాఫ్ట్‌వేరే మార్చేయడం. దాంట్లో టిక్ తీసేసి ‘వద్దు’ అని పెట్టాను. మీరు పంపిన ఇన్‌వాయిస్‌లో కూడా అలాగే ఉంది. అయినా ప్రతి ఫొటో మీదా కరెక్షన్ నడిచింది. ఇది ఊహించి అంటున్న మాట కాదు. అవే ఫైళ్లను గుంటూరులో నేను మామూలుగా వెళ్లే ల్యాబ్‌లో 12×8 సైజులో ప్రింట్ వేయించి, మీ పేజీల పక్కన పెట్టి, పగటి వెలుతురులో ఫొటోలు తీశాను. ఈ లేఖతో జతచేశాను, చూడండి.

మన దగ్గర గూళ్లు కట్టే గూడబాతు బూడిద కలిసిన తెలుపులో ఉంటుంది. పై ముక్కు పక్కన వరసగా మచ్చలు ఉంటాయి. ఇంగ్లిషులో దాని పేరే (స్పాట్-బిల్డ్ పెలికాన్) ఆ మచ్చల మీద పెట్టారు. మీ కరెక్షన్ ఆ బూడిద రంగును చెరిపేసి పాలలా తెల్లగా చేసింది, ముక్కు మీద మచ్చలు వెలుగులో కలిసిపోయాయి. ఇప్పుడది చూడటానికి వేరే జాతి పెలికాన్‌లా ఉంది. పెయింటెడ్ స్టార్క్‌కి తోక దగ్గర ఈకలు లేత గులాబీ రంగులో ఉంటాయి. ఆ పక్షికి ఆ పేరు తెచ్చిన అందం అదే. మీ పేజీల్లో అది ఇటుక రంగులోకి తిరిగింది. ఆటపాకలో పొద్దున్నే నీళ్ల మీద మంచు కమ్మినప్పుడు తీసిన ఫొటోలు రెండున్నాయి. ఆ మంచు కోసమే అవి తీశాను. కాంట్రాస్ట్ పెంచేసరికి మంచంతా పోయి, మధ్యాహ్నం తీసినట్టు అయ్యాయి.

మీ వాళ్లు పంపిన జవాబు ‘స్క్రీన్ మీద రంగులకూ ప్రింట్‌లో రంగులకూ తేడా సహజం’ అని. ఆ తేడా నాకు తెలుసు. నాలుగు ఇంకులతో కాగితం మీద అన్ని రంగులూ రావని, ముఖ్యంగా కొన్ని ముదురు నీలాలూ ఆకుపచ్చలూ చప్పబడతాయని తెలిసే ఫైళ్లు తయారుచేశాను. మీ గైడ్‌లో అడిగినట్టే ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో ఇచ్చాను. కానీ ఈ లేత బూడిద రంగు ఆ ఇంకులతో రానిదేం కాదు. అది తెల్లగా మారిందంటే ఇంకు చేసిన పని కాదు, సాఫ్ట్‌వేర్ చేసింది. ఫైల్ క్వాలిటీ తక్కువని ఇంకొకరు అన్నారు. నా కెమెరాది 24 మెగాపిక్సెల్, ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు. 12 అంగుళాల పేజీ మీద అంగుళానికి 500 వస్తాయి. మీరు అడిగింది 300.

రెండోది బైండింగ్. నేను ఎంచుకున్నది, డబ్బు కట్టింది లే-ఫ్లాట్‌కి. అంటే పుస్తకం విప్పితే రెండు పేజీలూ బల్లపరుపుగా పడాలి, మధ్యలో ఏమీ మింగకూడదు. మామూలు దానికంటే మీరు ఎక్కువ తీసుకునేది అందుకే. వచ్చినవి మామూలు జిగురు బైండింగ్‌తో వచ్చాయి. గట్టిగా నొక్కి పట్టుకుంటే తప్ప తెరుచుకోవు. ఇలా నొక్కితే కొన్నాళ్లకి పేజీలు ఊడొస్తాయి కూడా.

ఈ మార్పుతో ఎక్కువ నష్టపోయింది పుస్తకం నడిమి ఫొటో. ఎండ బాగా ఉన్నప్పుడు పెయింటెడ్ స్టార్క్ గూట్లో నిలబడి రెక్కలు పూర్తిగా పరిచి పిల్లలకు నీడ పడుతుంది. ఎండ తిరిగే కొద్దీ తనూ తిరుగుతుంది. మామ్మగారి మేడ మీద చాలాసేపు కూచుంటే దొరికిన ఫొటో అది. రెండు పేజీలు కలిపి 24 అంగుళాల వెడల్పున వేశాను, ఒక రెక్క ఎడమ పేజీలో, ఒక రెక్క కుడి పేజీలో, పిల్లలు సరిగ్గా మధ్యలో. మీ లే-ఫ్లాట్‌ని నమ్మే అలా పెట్టాను. ఇప్పుడు పిల్లలు జిగురులోకి వెళ్లిపోయాయి. ఒక పిల్ల ముక్కు కొస మాత్రం కనిపిస్తోంది. ఆ తల్లి దేనికి రెక్కలు చాచిందో చూసేవాళ్లకి తెలిసే దారి లేదు.

మూడోది తెలుగు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే.

అట్ట మీద పేరు ‘చెరువు మీద రెక్కలు’. ప్రింటయి వచ్చింది ‘చెరువు మీద రెక్‌కలు’. లోపల ఉప్పలపాడు ‘ఉప్‌పలపాడు’ అయింది, పిల్లలు ‘పిల్‌లలు’ అయ్యాయి, గుడ్లు ‘గుడ్‌లు’ అయ్యాయి. వత్తు వచ్చిన ప్రతి చోటా అంతే, అక్షరం విడిపోయి పక్కన పొల్లు పడింది. కొన్నిచోట్ల అక్షరాలే లేవు, ఖాళీ గళ్లు ఉన్నాయి. తెలుగులో వత్తు లేకుండా ఒక వాక్యం రాయడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. పుస్తకంలో తప్పు లేని పేజీ ఒక్కటీ లేదు.

ఆర్డర్ పెట్టే ముందు మీ సైట్‌లో ప్రివ్యూ ప్రతి పేజీ చూశాను. అందులో అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ స్క్రీన్‌షాట్లు కూడా పంపుతున్నాను. నాకు అర్థమైనంతవరకు ప్రివ్యూలో అక్షరాలను కలిపేది చూసేవాళ్ల కంప్యూటర్‌లోని బ్రౌజర్, ప్రింట్ ఫైల్ తయారుచేసేది మీ దగ్గరి వేరే ప్రోగ్రాం. ఆ ప్రోగ్రాంకి తెలుగు అక్షరాలు కలపడం రావట్లేదు. ఇది పరిష్కారం లేని సమస్యేం కాదు. హార్ఫ్‌బజ్ లాంటి ఉచిత ప్రోగ్రాంలు ఈ పని చక్కగా చేస్తున్నాయి. అది కుదరకపోతే అక్షరాలను ముందే బొమ్మ గీతలుగా మార్చి ప్రెస్‌కి పంపితే ఏ మెషీన్ మీదైనా సరిగ్గానే వస్తాయి. ఊళ్లో శుభలేఖలు వేసేవాళ్లకి కూడా ఈ సంగతి తెలుసు.

ఈ విషయం అడిగితే ‘ప్రాంతీయ భాషల టెక్స్ట్‌కి మాది బాధ్యత కాదు’ అన్నారు. మరి సైట్‌లో భాషల జాబితాలో తెలుగు ఎందుకు పెట్టారు? ‘మీ జ్ఞాపకాలు మీ భాషలో’ అని తెలుగులో ప్రకటన ఎందుకిచ్చారు? నేను మిమ్మల్ని ఎంచుకుంది ఆ ప్రకటన చూసే. తెలుగు రాదని ముందే రాసి ఉంటే, మాటలన్నీ నేనే బొమ్మలుగా చేసి పెట్టుకునేవాణ్ణి, లేదా ఇంకో చోటికి వెళ్లేవాణ్ణి. ప్రింటయ్యే ముందు మీ దగ్గర తెలుగు చదవగలిగిన ఒక్కరు అట్ట చూసినా ఇది ఆగిపోయేది.

ఇక మీ వాళ్లు పదేపదే చెప్పిన మాట, ‘ఇది కస్టమర్ కోసం ప్రత్యేకంగా చేసింది కాబట్టి రిటర్న్ ఉండదు’ అని. నాకు నచ్చలేదనో, మనసు మార్చుకున్నాననో వెనక్కి ఇస్తుంటే ఆ మాట ఒప్పుకుంటాను. ఇక్కడ నేను అడిగింది ఒకటి, మీరు చేసింది ఇంకొకటి. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం లోపం ఉన్న వస్తువునో, ప్రకటించినట్టు లేదా ఒప్పుకున్నట్టు లేని వస్తువునో వెనక్కి తీసుకోవడానికీ, డబ్బు తిరిగి ఇవ్వడానికీ అమ్మినవాళ్లు నిరాకరించకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలని, నెల రోజుల్లో పరిష్కరించాలని కూడా అవే నియమాలు చెబుతున్నాయి. మీ సైట్‌లో ఫిర్యాదుల పరిష్కార అధికారి వివరాలు వెతుక్కోవడానికే నాకు చాలా టైం పట్టింది. అవి అందరికీ కనపడేలా పెట్టండి.

నేను కోరేది ఇది. మూడు కాపీలూ లే-ఫ్లాట్ బైండింగ్‌తో, ఎలాంటి ఆటో కరెక్షన్ లేకుండా మళ్లీ ప్రింట్ చేయండి. మెషీన్ ఎక్కించే ముందు ప్రెస్‌కి వెళ్లే అసలు ఫైలే నాకు పంపండి, ప్రివ్యూ వద్దు. నేను చూసి సరే అన్నాకే వేయండి. తెలుగు మాటల్ని బొమ్మ గీతలుగా మార్చి ఇవ్వమంటే ఇస్తాను, అది నాకు కష్టం కాదు. కొరియర్ ఖర్చు మీదే. ఇది మీ వల్ల కాకపోతే పూర్తి 8,970 రూపాయలు నేను కట్టిన ఖాతాకే వెనక్కి వేయండి. కూపన్, తర్వాతి ఆర్డర్‌లో డిస్కౌంట్ లాంటివి తీసుకోను.

రీప్రింట్‌కే నేను మొగ్గు చూపుతున్నాను, ఎందుకంటే డబ్బు వాపసు వస్తే పుస్తకం రాదు. ఉప్పలపాడులో గూళ్లు ఖాళీ కాకముందే మామ్మగారికి పుస్తకం ఇవ్వాలని నా కోరిక. సీజన్ దాటితే పక్షులు పలచబడిపోతాయి. కాబట్టి నెల గడువుని చివరి రోజు దాకా లాగకుండా ఫిబ్రవరి 20 లోపు ప్రింట్ ఫైల్ పంపమని అడుగుతున్నాను.

రీప్రింట్ జరిగేదాకా తప్పు కాపీలు మూడూ నా దగ్గరే ఉంటాయి. కొత్తవి అందాక మీ కొరియర్ మనిషి వచ్చి తీసుకెళ్లవచ్చు. పారెయ్యను, ఎవరికీ ఇవ్వను. వాటిలో పేజీలు మీ ప్రింటింగ్ విభాగం వాళ్లు చూడాలి. ఇంకో విషయం, తెలుగు టెక్స్ట్ సమస్య సరిచేసేదాకా భాషల జాబితాలోంచి తెలుగు తీసేయండి, లేదా ఆర్డర్ పేజీలో స్పష్టంగా హెచ్చరిక పెట్టండి. నాలాగే పిల్లల బారసాల పుస్తకమో, తాతగారి జ్ఞాపకాలో తెలుగులో వేయించుకునేవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లకి ఈ టెన్షన్ వద్దు.

48 గంటల్లో మీ నుంచి జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. నెలలోపు పరిష్కారం కాకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్లోనే కేసు వేయవచ్చు, ఇంత మొత్తానికి ఫీజు కూడా లేదు. అంతదాకా తీసుకురావద్దని కోరుతున్నాను.

జతపరిచినవి: ఇన్‌వాయిస్, ఆర్డర్ ఫారం స్క్రీన్‌షాట్, ప్రివ్యూ పేజీలు, వచ్చిన పుస్తకం ఫొటోలు, ల్యాబ్ ప్రింట్లతో పోలిక, మీ కస్టమర్ కేర్ జవాబులు.

ఇట్లు,
మీ వినియోగదారుడు
(పేరు, ఆర్డర్ నంబరు, ఫోన్ నంబరు మెయిల్‌లో ఇచ్చాను. సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయవచ్చు.)