పోటీ ఎవరు పెట్టారో కూడా అడగండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల జిల్లా పేజీలో ‘ప్రపంచ చాంపియన్‌గా కోనసీమ కుర్రాడు’ అని పెద్ద అక్షరాలతో వార్త వచ్చింది. ఆ కుర్రాడు మా వీధివాడే. రోజూ తెల్లారకముందే కాలవగట్టు మీద పరుగెత్తే కష్టజీవి. అసలు సంగతి వార్త చివరి పేరాలో ఉంది: అది ఫంక్షన్ హాల్లో ఒక ప్రైవేటు సంస్థ పెట్టిన కరాటే పోటీ. వాడి బరువు విభాగంలో దిగింది ముగ్గురే అని వాడే నాతో చెప్పాడు.

వాళ్ల నాన్న ఆ కటింగ్‌ని లామినేషన్ చేయించి, సర్టిఫికెట్‌తో పాటు స్పోర్ట్స్ కోటా సీటుకోసం పట్టుకెళ్లారు. గుర్తింపున్న సంఘం పోటీ కాదని వెనక్కి ఇచ్చేశారు. ఆయన మా అరుగు మీద కూర్చుని, ‘‘పేపర్లో కూడా వేశారు కదండీ మాస్టారూ’’ అన్నారు. నాకు నోట మాట రాలేదు.

ఇరవై ఏళ్లకు పైగా కరాటే నేర్పుతున్నాను కాబట్టి బిరుదుల గురించి కూడా చెప్పాలి. బ్లాక్ బెల్ట్‌లో తొలి స్థాయిని ‘షోదాన్’ అంటారు. అంటే మొదటి మెట్టు. జూడో స్థాపకుడు జిగోరో కానో 1883లో ఇద్దరు శిష్యులకు ఆ స్థాయి ఇచ్చారు. 1924లో కరాటే గురువు గిచిన్ ఫునకోషి దాన్ని కరాటేలోకి తెచ్చారు. నల్ల బెల్టు కట్టిన రోజున అసలు చదువు మొదలవుతుంది. వార్తల్లో మాత్రం ఆ రోజే పిల్లాడు ‘కరాటే దిగ్గజం’ అయిపోతాడు. ‘సెన్సై’ అంటే ముందు పుట్టినవాడు. జపాన్‌లో బడి పంతులునీ, డాక్టరునీ కూడా అలాగే పిలుస్తారు. ఇక ‘గ్రాండ్ మాస్టర్’ అని ఏ సంఘమైనా కాగితం అచ్చువేసి, శాలువా కప్పి ఇచ్చేయవచ్చు.

దసరాకి మా అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా, అంటే కర్రసాము, కత్తిసాము ప్రదర్శన, చూస్తూ పెరిగాను. ‘వస్తాదు’ అన్న మాట ‘ఉస్తాద్’ నుంచి వచ్చింది, గురువు అని అర్థం. ఆ పేరు ఎవరూ వేదిక మీద ఇచ్చేవారు కాదు. ఏళ్ల తరబడి కర్ర తిప్పిన చేతిని చూసి జనమే పిలిచేవారు.

‘ఒలింపిక్సే లక్ష్యం’ అన్న శీర్షికలు చూసినా బాధగా ఉంటుంది. కరాటే ఒలింపిక్స్‌లో ఉన్నది ఒక్కసారే, 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో. 2024 పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజిలిస్ జాబితాలోనూ లేదు. ఆ ఒక్క వాక్యం వార్తలో ఉంటే పిల్లలు, తల్లిదండ్రులు తెలిసి అడుగు వేస్తారు.

తప్పంతా విలేకరులదే అనను. ఫొటోలు, రాసిన కాగితం తెచ్చి ఇచ్చేది మా శిక్షకులే. అందుకే అడుగుతున్నాను: శీర్షిక పెట్టేముందు ఒక్క ఫోన్ చేసి, పోటీ ఎవరు పెట్టారో, ఎంతమంది దిగారో, బెల్టు ఎవరిచ్చారో కనుక్కోండి.

ఆ కుర్రాడే నిరుడు జిల్లా పోటీల్లో వరసగా నాలుగు బౌట్లు గెలిచి ఫైనల్లో ఓడాడు. దాని గురించి ఏ పేపర్లోనూ ఒక్క ముక్క రాలేదు. వేస్తానంటే వివరాలు నేను పంపుతాను.

ఇట్లు,
ఒక కరాటే శిక్షకుడు,
అమలాపురం