తెర మీది చుక్కలు

తెనాలి,
ఆదివారం ఉదయం.

అమ్మలూ,

సంక్రాంతికి వచ్చి వెళ్తూ నా కంప్యూటర్‌లో నువ్వు పెట్టి వెళ్ళిన కథ నిన్న రాత్రితో పూర్తయింది. దాన్ని ఆట అనాలో, బొమ్మల నవల అనాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. 'విజువల్ నవల అంటారు' అని నువ్వు కాగితం మీద రాసి కంప్యూటర్‌కు అంటించావు. దాని కిందనే ఇంకో మాట రాశావు: "అందులో షిజునే అనే అమ్మాయి కథ తప్పకుండా చదవండి నాన్నా. నేను పెళ్ళి చేసుకోవాలనుకుంటున్న అతని గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం."

నాకు 19 రోజులు పట్టింది. ఇంగ్లీషులో ఇంత పొడవైన కథ చదివి ఎన్నేళ్ళయిందో! నిఘంటువు పక్కన పెట్టుకుని, రాత్రి భోజనాలయ్యాక మీ అమ్మకు తెలుగులో చెబుతూ చదివాను. పైన బొమ్మ, కింద నాలుగు వాక్యాలు, అక్కడక్కడ 'ఇప్పుడేం చేస్తావు?' అని మనల్నే అడగడం. అలా అడిగిన ప్రతిసారీ మీ అమ్మ నా చేయి పట్టుకుని ఆపేది. ఇద్దరం వాదించుకున్నాకే ముందుకు వెళ్ళేవాళ్ళం.

మొదట పేరు దగ్గరే ఆగిపోయాను. 'కటావా షోజో'. షోజో అంటే అమ్మాయి. కటావా అంటే మన 'అవిటి' లాంటి మాట, జపాన్‌లో ఇప్పుడు మర్యాదస్తులు నోట పలకని మాట. అలాంటి పేరున్న దాన్ని నా కూతురు నా చేతికి ఎందుకు ఇచ్చిందని మనసు మండిపోయింది. ఆ రాత్రి తెరవనే లేదు. తెల్లవారుజామున మెలకువ వచ్చి, నేను చెప్పిన పాఠాలు గుర్తుకొచ్చాయి. ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి. 'చెవిటివాని ముందు శంఖమూదినట్లు' అని నల్లబల్ల మీద రాసి, సొంత వాక్యంలో ప్రయోగించమని ఎన్ని తరగతుల పిల్లలను అడిగానో లెక్కలేదు. నీకు వినిపించదని తెలిశాక కూడా అడిగాను. ఇంటికి వచ్చి నిన్ను ఎత్తుకున్నాను, మర్నాడు బడికి వెళ్ళి అదే సామెత రాశాను. లేచి కూర్చుని కథ తెరిచాను.

నీకు తెలిసిన కథే అయినా నాకు ఎలా అందిందో చెప్పనివ్వు. చలికాలం, మంచు, చెట్ల మధ్య ఎదురుచూసే కుర్రవాడు హిసావో. తనకు ఉత్తరం రాసిన అమ్మాయి వచ్చి మనసులో మాట చెప్పబోతుంది, ఆ క్షణంలోనే అతని గుండె లయ తప్పి కూలిపోతాడు. నాలుగు నెలలు ఆసుపత్రి. పరామర్శకు వచ్చే స్నేహితులు మెల్లగా తగ్గిపోతారు, ఆ అమ్మాయి కూడా. చివరికి తల్లిదండ్రులు, డాక్టరు కలిసి అతన్ని వైకల్యం ఉన్న పిల్లలు చదివే యమాకు అనే బడికి పంపాలని నిశ్చయించుకుని, ఆ తర్వాత అతనికి చెబుతారు. నీ బడులన్నీ నేనూ అలాగే నిశ్చయించాను. రైలెక్కాక నీకు తెలిసేది.

ఆ బడిలో హిసావోకు పరిచయమయ్యే అమ్మాయిల్లో ఎమీ అంటే మీ అమ్మకు ప్రాణం. కారు ప్రమాదంలో కాళ్ళు, తండ్రి ఒకేసారి పోయిన పిల్ల, కృత్రిమ కాళ్ళతో పరుగుపందేల్లో పరుగెడుతుంది. చేతులు లేని రిన్ కాలివేళ్ళతో బొమ్మలు గీస్తుంది. ఆమె మాటలు నాకు సగం అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే ఆ కథ అని మీ అమ్మ అంది. చూపులేని లిల్లీ పోసే తేనీటిలా ఆమె మాటా మెత్తన. ఇంటికి నిప్పంటుకుని తల్లిదండ్రులు పోయి, ముఖం మీద కాలిన మచ్చలతో మిగిలిన హనాకో దగ్గర మాత్రం మేమిద్దరం బాగా ఓడిపోయాం. కథ అడిగిన ప్రతిచోటా ఆ పిల్లను కాపాడే దారే ఎంచుకున్నాం. వెళ్ళి చూడాలి, తోడుండాలి, ఒంటరిగా వదలకూడదు. చివరికి హనాకో హిసావో మీద విరుచుకుపడింది. నువ్వు నన్ను చేతకానిదానిలా చూస్తున్నావు, నీ జాలి నాకు వద్దు అని. తెర నల్లబడ్డాక మీ అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పూనా ఉద్యోగానికి వెళ్తానన్నప్పుడు ఇది కూడా ఇలాగే అరిచింది కదండీ, చేతులతో" అంది. అవును, అరిచావు. నీ చేతులు అంత వేగంగా కదలడం నేను అంతకుముందు చూడలేదు. ఏమన్నావో మాత్రం నాకు తెలియలేదు. చెల్లిని పిలిచి, "అక్క ఏమంటోంది?" అని అడిగాను.

ఇక షిజునే. విద్యార్థి సంఘం నాయకురాలు, పట్టుదల మనిషి, ఏ ఆటలోనూ ఓడిపోవడం గిట్టని పిల్ల. చెవులు వినిపించవు, నోటితో మాట్లాడదు. జాలి పడదామన్నా సందివ్వదు. ఆమె సైగలను పక్కనే ఉండి మీషా పెద్ద గొంతుతో, నవ్వుతూ చెబుతుంటుంది. మొదట్లో షిజునే ఏదైనా అన్నప్పుడు తెర మీద ఆమె పేరు పక్కన చుక్కలే కనిపిస్తాయి. అర్థం మీషా మాటల్లోనే రావాలి. హిసావో సంజ్ఞలు నేర్చుకోవడం మొదలుపెట్టాక ఆ చుక్కల చోట షిజునే సొంత మాటలు వస్తాయి. నేను అప్పుడు కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. ఇరవయ్యేళ్ళకు పైగా నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు, నా తెర మీద చుక్కలే పడుతున్నాయి. మన మీషా చెల్లి. అది పెళ్ళయి వెళ్ళిపోయాక ఆ చుక్కలకు అర్థం చెప్పేవాళ్ళు కూడా ఇంట్లో లేకుండా పోయారు.

మీషా నవ్వు వెనక ఎంత దుఃఖం ఉందో ఆ కథలో చాలా ఆలస్యంగా తెలుస్తుంది. అందరి మాటలూ మోసే పిల్ల సొంత మాట ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోతుంది. చెల్లికి నిన్న ఫోన్ చేశాను. "అక్క ఏమంటోంది అని కాదమ్మా, నువ్వు ఎలా ఉన్నావు?" అని అడిగాను. అది ఏడ్చింది. ఆ సంగతి విడిగా చెబుతాను.

షిజునే తండ్రి జిగోరో కూతురి కోసం సంజ్ఞలు నేర్చుకోలేదు. ఎంత మొరటు మనిషి, ఇంట్లోనే కూతురికి పరాయివాడు అని నేను మీ అమ్మతో కోపంగా అన్నాను. మీ అమ్మ నా ముఖం వైపు చూసింది. ఏమీ అనలేదు.

రెండేళ్ళ వయసులో మెదడు జ్వరం వచ్చి నీ వినికిడి పోయినప్పుడు, ఒక పెద్ద నిపుణుడు మాకు గట్టిగా చెప్పాడు: "సైగలు అలవాటు చేయకండి, ఇక మాట రాదు." నేను నమ్మాను. నీ నోటి ముందు సన్నని కాగితం ముక్క పట్టుకుని 'ప' అనిపించాను. నీ వేళ్ళు నా గొంతు మీద పెట్టి 'బ' అనిపించాను. పాలు, బాలు, మాలు అని నేను పలికితే పెదవులు మూడుసార్లూ ఒకేలా కదులుతాయి. గొంతు వినిపించని పిల్లకు ఆ మూడూ ఒక్కటే. ఇంత చిన్న సంగతి తెలుగు మాస్టారికి తట్టలేదు. తప్పు చెప్పావని మళ్ళీ మళ్ళీ చెప్పించాను. నీ చేతులు లేస్తే వాటిని పట్టుకుని ఒళ్ళో పెట్టి, "నోటితో చెప్పు" అన్నాను. అన్నం కావాలన్నా, కడుపు నొప్పన్నా, "నోటితో చెప్పు."

ఈ 19 రోజుల్లో ఇంకొన్ని చదివాను. 1880లో మిలాన్‌లో బధిర విద్య పండితులు సమావేశమై, సంజ్ఞల కన్నా నోటి మాటే మేలని తీర్మానించారట. వినేవాళ్ళు చేసిన తీర్మానం. దాని బరువు ఎన్నో దేశాల బధిర పిల్లల చేతుల మీద పడింది. 2010లో వాంకూవర్‌లో జరిగిన సమావేశం ఆ తీర్మానాల వల్ల జరిగిన హానికి విచారం తెలిపింది. 130 ఏళ్ళు! నాకు దానిలో సగం కూడా లేదు, అందుకే ఇప్పుడే చెబుతున్నాను: నీ చేతులు పట్టుకుని ఆపినందుకు నన్ను క్షమించు తల్లీ.

మీ అమ్మ, నేను భారతీయ సంజ్ఞా భాష నేర్చుకుంటున్నాం. ఢిల్లీలో 2015లో పెట్టిన ప్రభుత్వ కేంద్రం తయారుచేసిన నిఘంటువు వీడియోలు చూస్తున్నాం. 2018లో 3,000 మాటలతో మొదలై 2021కి 10,000 మాటలైందట. మేం రోజుకు పది. మీ అమ్మకు త్వరగా వస్తున్నాయి, నా వేళ్ళు బిగుసుకుపోయాయి. ఒక విషయం మాత్రం నాకు చెప్పలేనంత సంతోషమిచ్చింది. 'నీ పేరు ఏమిటి?' అనేటప్పుడు ఆ 'ఏమిటి' సంజ్ఞలో కూడా చివరే వస్తుంది! క్రియ కూడా వాక్యం చివరికే వెళ్తుంది. ఇంగ్లీషులా కాదు, మన తెలుగులా. పరాయిది అనుకుని నీ నుంచి లాక్కున్న భాష వ్యాకరణంలో నా భాషకు చుట్టమని ఇప్పుడు తెలిసింది. ప్రశ్న అడిగేటప్పుడు కనుబొమ్మలు కూడా మాట్లాడాలట కదా. నీ ముఖం అన్ని రకాలుగా మారుతుంటే పెళ్ళిళ్ళలో "ముఖం అలా పెట్టకు" అని మందలించేవాణ్ణి. నీ వాక్యంలో సగం చెరిపేశానన్నమాట.

ఇక అతని గురించి. భోగి నాడు నువ్వు కాగితం మీద రాసి ఇచ్చావు, అతనికీ వినిపించదని. నేను దాని కిందే, "ఇంట్లో ఒక్కరికైనా వినిపించాలి కదా" అని రాశాను. నువ్వు చదివి, కాగితం మడిచి, లోపలికి వెళ్ళిపోయావు. నా భయాలన్నీ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. తలుపు కొడితే ఎవరు తీస్తారు, పాలు పొంగితే ఎలా, రేపు పసిపిల్ల ఏడిస్తే ఎలా. తలుపు గంటకు బదులు దీపం వెలుగుతుందని, పిల్ల ఏడిస్తే దిండు కింద కంపించే పరికరాలు ఉన్నాయని ఇప్పుడు తెలిసింది. పాలకైతే కళ్ళు చాలు. మన ఇంట్లో ముగ్గురం వినేవాళ్ళం ఉండి, ఎన్నిసార్లు పొంగించలేదు? అసలు సంగతి అది కాదమ్మా. అతనితో నువ్వు మాట్లాడేటప్పుడు మధ్యలో చెల్లి అవసరం లేదు. నా పెదవుల వైపు చూసి చూసి అలసిపోయిన నీ కళ్ళు అతని దగ్గర అలా అలసిపోవు. ఆ సుఖం నేను నీకు ఇవ్వలేదు. అతను ఇస్తుంటే అడ్డు చెప్పాను.

ఈ కథ ఎలా పుట్టిందో తెలిసి ఆశ్చర్యపోయాను. 2000 డిసెంబరులో ఒక జపాన్ చిత్రకారుడు తన పుస్తకం చివర గీసిన ఒక్క పేజీ బొమ్మలు. 2007లో అవి ఇంటర్నెట్‌లో కనబడితే, వేర్వేరు దేశాలవాళ్ళు జీతం లేకుండా ఐదేళ్ళు కూర్చుని కథ అల్లి, 2012 జనవరి 4న ఉచితంగా ఇచ్చేశారు. ఒకరికొకరు కొత్తవాళ్ళు షిజునే కోసం ఇంత శ్రమ పడ్డారు. నేను నా కూతురి కోసం రోజుకు పది మాటలు నేర్చుకోవడానికి ఇన్నేళ్ళు తీసుకున్నాను.

ఉగాదికి అతన్ని తీసుకురా. వాళ్ళ అమ్మానాన్నలనూ రమ్మను. చెల్లిని పిలుస్తున్నాం కానీ అతిథిగానే, మన మాటలు మోయడానికి కాదు. నేను తడబడతాను, తప్పు సంజ్ఞ చేస్తాను. నా చేయి పట్టుకుని సరిదిద్దు.

పచ్చడిలో వేపపువ్వు అతను తింటాడా అని మీ అమ్మ అడుగుతోంది. ఈ ప్రశ్న అతన్నే నేరుగా అడగాలని ఉంది నాకు. 'వేప' ఎలా చూపించాలో నిఘంటువులో దొరకలేదు. ఈ రాత్రి తొమ్మిదింటికి వీడియోలో కనిపించి నేర్పిస్తావా? దీపం వెలుతురు నా చేతుల మీద పడేలా కుర్చీ జరిపి పెట్టుకున్నాను.

మీ నాన్న