53 పైసల లెక్క మీద నల్లగొండ నుంచి ఫిర్యాదు

నల్లగొండ,
26 మే 2025.

కస్టమర్ కేర్ విభాగాధిపతి గారికి,
కంపెనీ ప్రధాన కార్యాలయం.

విషయం: మీ ఎలక్ట్రిక్ కారు రన్నింగ్ ఖర్చు లెక్క, ఇంటి చార్జర్ బిగింపు, బ్యాటరీ శాతం తప్పుగా చూపడం గురించి.

అయ్యా,

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండల్లో మీ 40 కిలోవాట్ అవర్ బ్యాటరీ మోడల్ నడుపుతున్న పదకొండు మందిమి కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఇంతకుముందు ఎవరికి వారు పెట్టిన కంప్లైంట్లన్నిటికీ ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఒకే మెసేజ్ వచ్చింది, టికెట్లు మూసుకుపోయాయి. అందుకే ఈసారి రిజిస్టర్డ్ పోస్టు. కారు నడక మీద మాకు పేచీ లేదు. అమ్మేటప్పుడు చెప్పిన లెక్క మీదా, అమ్మాక చేసిన పని మీదా ఉంది.

ముందు లెక్క సంగతి. షోరూంలో పంచిన కరపత్రంలో కిలోమీటరుకు 53 పైసలు అని అచ్చు వేశారు. యూనిట్ 6 రూపాయలు, ఫుల్ చార్జికి 40 యూనిట్లు, 450 కి.మీ. రేంజ్: 240 రూపాయలను 450తో భాగించారు. ఆ మూడు అంకెల్లో ఇంట్లో చార్జింగ్ పెట్టుకునేవాడికి వర్తించేది ఒక్కటీ లేదు.

6 రూపాయలనేది చార్జింగ్ స్టేషన్ కేటగిరీ రేటు. ఇంటి మీటరుకు ఉండేది శ్లాబు. మా దక్షిణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) టారిఫ్‌లో నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి వంద యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతి వంద 4.80 చొప్పున పడతాయి. 200 దాటిందా, మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోయి 200 వరకు 5.10, ఆపైన 300 వరకు 7.70, 400 వరకు 9 రూపాయలు, 800 వరకు 9.50 అవుతుంది. అంటే కారు వల్ల కారు కరెంటు ఒక్కటే కాదు, ఫ్రిజ్జు, ఫ్యాన్ల కరెంటు కూడా ప్రియమవుతుంది. ఈ మాట మీ సేల్స్ వాళ్లు ఒక్కరికీ చెప్పలేదు.

ఇక 40 యూనిట్లు. బ్యాటరీలోకి 40 చేరాలంటే గోడ దగ్గర సబ్ మీటరులో 45 దాకా తిరుగుతున్నాయి. ఇంటి ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన డీసీ కరెంటుగా మార్చేటప్పుడు, బ్యాటరీని చల్లబరిచేటప్పుడు ఆ మాత్రం పోవడం మామూలే, దాన్ని తప్పు పట్టడం లేదు. లెక్కలో వేయకపోవడం తప్పు. 450 కి.మీ. అన్నది ల్యాబ్‌లో రోలర్ల మీద నడిపి తీసిన అంకె. ఇక్కడ ఊళ్లో, రోడ్డు మీద కలిపి 300 వస్తోంది. ఎండకాలం నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కి వంద స్పీడులో పోతే 260. 80 నుంచి 100కు పోతే గాలి ఒత్తిడి ఒకటిన్నర రెట్లు అవుతుంది, 44 డిగ్రీల ఎండలో ఏసీ ఒక్కటే గంటకు యూనిట్ పైన లాగుతుంది. రేంజ్ పడిపోవడం సహజం. సహజమని తెలిసినవాళ్లే 450 అని వేస్తే ఏమనుకోవాలి?

నెలకు 180 యూనిట్లు వాడే ఇల్లు అనుకోండి. కారు రాకముందు ఎనర్జీ చార్జి 724 రూపాయలు. నెలకు 1,500 కి.మీ. తిరిగితే కారుకు 225 యూనిట్లు. మొత్తం 405 యూనిట్లకు 2,737 రూపాయల 50 పైసలు. తేడా 2,013. కిలోమీటరుకు 1 రూపాయి 34 పైసలు. కస్టమర్ చార్జీ, డ్యూటీ ఇందులో కలపలేదు. మీరు చెప్పినదానికి రెండున్నర రెట్లు.

ఇంత అయినా పెట్రోలు కంటే నయమే. లీటరు 107 దాటిన చోట 16 కి.మీ. ఇచ్చే కారుకు కిలోమీటరుకు 6 రూపాయల 70 పైసలు అవుతుంది. ఆ నిజం చెప్పినా కారు అమ్ముడుపోయేదే. 53 పైసలు అబద్ధం ఎందుకు ఆడాల్సి వచ్చిందో మాకు అర్థం కాలేదు.

అదే కరపత్రంలో పెట్రోలు ఇంజనూ, కరెంటు మోటరూ రెండూ ఉండే హైబ్రిడ్ కారుతో పోలిక పెట్టి, దాని మైలేజి లీటరుకు 14 అని వేశారు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌ను చేతనైనట్టు నడిపితే 22 ఇస్తుంది, కిలోమీటరుకు 4 రూపాయల 90 పైసలు. ఇంట్లో ప్లగ్ లేక హైవే ఫాస్ట్ చార్జర్ల మీదే బతికే వాడికి యూనిట్ జీఎస్టీతో 20 రూపాయలు దాటుతుంది కాబట్టి మీ కారుకూ 3 రూపాయల 30 పైసలు పడుతుంది. అంటే అపార్టుమెంటులో అద్దెకుండే కొనుగోలుదారుకు రెంటికీ తేడా రూపాయిన్నర. కొనేముందు వాళ్లకు తెలియాల్సింది ఇదే. ఇంకోటి, 31 డిసెంబర్ 2026 దాకా రాష్ట్ర ప్రభుత్వం ఈవీలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. దాన్ని మీ కొటేషన్‌లో ‘కంపెనీ ప్రత్యేక ప్రయోజనం’ అనే వరుసలో చూపారు. సర్కారు వదులుకున్న పన్ను మీ ఆఫర్ ఎట్లయింది?

రెండో విషయం ఇంటి చార్జర్, దీన్ని కాస్త ఓపిగ్గా చదవండి. 7.2 కిలోవాట్ల చార్జర్ సింగిల్ ఫేజులో 31 ఆంపియర్లు తీసుకుంటుంది. మీరు పంపిన కాంట్రాక్టరు పదకొండు ఇళ్లలో ఏడింటికి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగిపోయాడు. 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేయాల్సిన పని అది. మీటరు నుంచి కారు షెడ్డుకు 25 మీటర్లు ఉన్నచోట ఆ సన్న వైరులోనే 11 వోల్టులకు పైగా పడిపోతుంది, 350 వాట్లు వైరును వేడి చేయడానికే పోతాయి. రాత్రంతా చార్జింగ్ పెడితే రెండు యూనిట్లు గోడలో కాలినట్టే. ఒక ఇంట్లో ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్) కింది స్క్రూ దగ్గర వైరు తొడుగు గోధుమ రంగుకు తిరిగి, గిల్లితే పెళుసుగా రాలుతోంది. ఫోటో జతచేశాం. అది మంటకు ఒక అడుగు ఇవతలి స్థితి.

ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) కూడా అంతే. బిగించినవి ఏసీ లీకేజీని మాత్రమే పసిగట్టే ఏసీ టైపువి. కారు చార్జరు నుంచి డీసీ లీకేజీ వస్తే ఆ రకం ఆర్‌సీసీబీ మొద్దుబారిపోయి, మనిషికి షాకు కొట్టే వేళ కరెంటు ఆపకుండా ఊరుకుంటుంది. ఇక్కడ కావలసింది 30 మిల్లీ ఆంపియర్ల టైప్ ఏ, దానికి తోడు చార్జరులోనే 6 మిల్లీ ఆంపియర్ల డీసీ పసిగట్టే ఏర్పాటు. అది లేకపోతే డీసీ లీకేజీనీ పసిగట్టే టైప్ బి. ధరలో తేడా ఉంటుంది, ఆ తేడా మిగుల్చుకోవడానికే ఇట్లా చేశారని మా అనుమానం.

రాత్రి చార్జింగ్ ఆగిపోవడం మీద మీ సర్వీసు వాళ్ల జవాబు ఎప్పుడూ ఒక్కటే: ‘మీ ఇంటి ఎర్తింగ్ బాగాలేదు సార్.’ నిజమే, బాగాలేదు. కానీ ఎర్త్ పిట్ తవ్వుతామని 9,500 రూపాయలు తీసుకున్నది మీ మనిషే. మూడు ఇళ్లలో మూత తీసి చూస్తే అడుగున్నర లోతులో రాయి తగిలిందని అక్కడికే పైపు కోసి పాతేశాడు. పైన బొగ్గు, ఉప్పు చల్లిన గుర్తు మాత్రం ఉంది. మా నేల రాతి నేల, మే నెలలో అడుగంటా ఎండుతుంది. రెండున్నర మీటర్ల జీఐ పైపు దిగాలి, రాయి తగిలితే పక్కన ఇంకో గుంత తీసి రెండూ కలపాలి, ఎండల్లో వారానికి రెండు బకెట్ల నీళ్లు పోయాలి. ఇది మా ఊరి ఎలక్ట్రీషియన్ ఎవరినడిగినా చెప్తాడు.

పైగా ఆ కొత్త ఎర్త్‌ను తీసుకుపోయి బోరు మోటరు స్టార్టర్ ఎర్త్‌తోనే కలిపాడు. మల్టీమీటరు పెట్టి చూశాం. మామూలప్పుడు న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 3 వోల్టులు, బోరు ఆన్ చేయగానే 14. ఆ క్షణాన చార్జరు ఎర్ర లైటు వేసి ఆగిపోతుంది. మోటరు ఆపినా మళ్లీ తనంతట తాను మొదలుకాదు. తెల్లారి లేచి చూస్తే 38 శాతం దగ్గరే ఉంటుంది బండి. దీనికి మీ వాళ్లు మూడుసార్లు చార్జరు మార్చారు గానీ ఎర్త్ వైరు ఒక్కసారీ విడదీయలేదు. ఇక 2 కిలోవాట్ల కాంట్రాక్టెడ్ లోడు (డిస్కంతో ఒప్పుకున్న గరిష్ఠ వాడకం) ఉన్న ఇంటికి 7.2 చార్జరు బిగిస్తున్నప్పుడు లోడు పెంచుకోవడానికి దరఖాస్తు పెట్టాలని చెప్పే బాధ్యత ఎవరిది? డిస్కం నోటీసులు మాత్రం మాకే వచ్చాయి.

మూడోది బ్యాటరీ శాతం. డిండి వైపు పోతుంటే 17 శాతం చూపిస్తున్న బండి, రెండు కిలోమీటర్లు పోయేసరికి 3 శాతానికి దిగింది. నాలుగు కార్లలో ఇదే తంతు. దీనికి కారణం మీ ఇంజినీర్లకు తెలియనిది కాదు. ఇవి ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్లులు. చార్జి మధ్య భాగమంతా సెల్ వోల్టేజి 3.3 దగ్గరే కదలకుండా ఉంటుంది కాబట్టి వోల్టేజి చూసి శాతం చెప్పడం కుదరదు. బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టి ఉండే కంప్యూటర్) లోపలికి పోయిన కరెంటు, బయటికొచ్చిన కరెంటు కూడుతూ తీసేస్తూ లెక్క కడుతుంది. రోజూ చిన్న చిన్న పొరపాట్లు పేరుకుంటాయి. వంద శాతం దాకా నింపినప్పుడే వోల్టేజి నిట్టనిలువుగా లేస్తుంది, లెక్క మళ్లీ సరిపోతుంది, సెల్లుల బ్యాలెన్సింగ్ (అన్నిటినీ ఒకే స్థాయికి తేవడం) కూడా ఆ పైభాగంలోనే జరుగుతుంది. మీ మాన్యువల్‌లో వారానికోసారి వంద చేయమని ఉంది. మీ యాప్ మాత్రం రోజూ 80 దగ్గర ఆపమని గంట కొడుతుంది. ఆ 80 సలహా ఇంకో రకమైన ఎన్‌ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్) బ్యాటరీది. యాప్ మాట విని బుద్ధిగా నడుచుకున్న వాళ్ల బండ్లే దారిలో ఆగాయి.

కంప్లైంట్ ఇస్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామని 2,800 రూపాయల డయాగ్నోసిస్ బిల్లు వేశారు. మేమడిగింది అప్‌డేట్ కాదు. ఫుల్ చార్జి అయ్యాక రాత్రంతా ప్లగ్‌లోనే ఉంచి, తర్వాత 20 శాతం దాకా నడిపి, అన్నిటికంటే ఎక్కువ వోల్టేజి ఉన్న సెల్లుకూ తక్కువ ఉన్న సెల్లుకూ తేడా ఎన్ని మిల్లీవోల్టులో ప్రింటు తీసి ఇవ్వమన్నాం. ఒక సెల్లు మాత్రమే వెనకబడుతుంటే అది లెక్క సరిచేస్తే (క్యాలిబ్రేషన్) పోయేది కాదు, వారంటీ కింద మాడ్యూల్ మార్చాల్సిన లోపం. ఎనిమిదేళ్ల వారంటీ అని చెప్పి, లోపం తేల్చే కాగితం ఇవ్వకపోతే ఆ వారంటీ ఎందుకు?

12 వోల్టుల చిన్న బ్యాటరీ గురించి రెండు ముక్కలు. బండి నాలుగైదు రోజులు కదలకపోతే అది డౌన్ అయిపోతోంది. అది చస్తే పెద్ద బ్యాటరీలో 90 శాతం ఉన్నా కాంటాక్టర్లు (ఆ బ్యాటరీని బండికి కలిపే స్విచ్‌లు) పడవు, డోరు కూడా తాళంచెవితోనే తీయాలి. పార్కింగులో యాప్ కనెక్షన్ పీల్చేస్తుంటే, పెద్ద బ్యాటరీ నుంచి దానికి చార్జింగ్ ఎక్కించే ప్రోగ్రాం మీరు పెట్టలేదు. ఏడాది దాటిందని కొత్త బ్యాటరీ మా చేత కొనిపించడం అన్యాయం.

ఇట్లా ఆగిన ప్రతిసారీ బండి హైదరాబాద్ పోవాలి, హై వోల్టేజి పని చేసే టెక్నీషియన్ నల్లగొండ సర్వీసు సెంటర్లో లేడు కాబట్టి. చక్రాలు నేల మీద దొర్లిస్తూ లాగితే మోటరు కరెంటు పుట్టిస్తుంది, ఫ్లాట్‌బెడ్ లారీయే కావాలి. మీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ 50 కి.మీ.తో సరి. మిగతా 50 కి.మీ. కిరాయి మా జేబులోంచి. ఒక బండికి ఇక్కడి సెంటర్లోనే ఏసీ గ్యాస్ నింపుతూ మామూలు కార్లకు వాడే పీఏజీ ఆయిల్ పోశారు. ఎలక్ట్రిక్ కంప్రెసరుకు పీఓఈ ఆయిల్ ఉండాలి. పీఏజీ కలిస్తే ఇన్సులేషన్ పడిపోయి బండి లాక్ అవుతుంది, అదే జరిగింది. ఆ కంప్రెసరుకూ బిల్లు కస్టమరుకే. టైర్ల సంగతి రాయడం లేదు. బరువు బండి, లాగుడు ఎక్కువ, తొందరగా అరుగుతాయని మాకూ తెలుసు.

మేం అడుగుతున్నవి ఇవి. ఏడు ఇళ్లలో వైరు, ఆర్‌సీసీబీ మీ ఖర్చుతో మార్చి, ఎర్త్ విడిగా వేసి, ఎర్త్ రెసిస్టెన్స్ రీడింగ్ రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. అది అయ్యేదాకా ఆ ఇళ్లలో చార్జరును 10 ఆంపియర్లకు తగ్గించి సెట్ చేయడానికి రేపే మనిషిని పంపండి, ఇది ఆగే పని కాదు. నాలుగు కార్లకు సెల్ వోల్టేజి రిపోర్టు ఇవ్వాలి, యాప్‌లో ఆ 80 శాతం గంట తీసేయాలి. డయాగ్నోసిస్ బిల్లులు, ఎర్త్ పిట్ డబ్బులు, లారీ కిరాయిలు, కంప్రెసరు బిల్లు వాపసు చేయాలి. కరపత్రం వెనక్కి తీసుకుని, శ్లాబు లెక్కతో కొత్తది వేయాలి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వక జవాబు కావాలి, మెసేజ్ కాదు. రాకపోతే జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపం, తప్పుదోవ పట్టించే ప్రకటన రెండింటి మీదా నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం.

కరపత్రం, కరెంటు బిల్లులు, సబ్ మీటరు రీడింగులు, కాలిన వైరు ఫోటో, మీ సర్వీసు బిల్లుల జిరాక్సులు జతచేశాం. కోసిన ఎర్త్ పైపు ముక్క మా దగ్గరే ఉంది. మీ మనిషి వచ్చినప్పుడు కొలిచి చూసుకోవచ్చు.

ఇట్లు,
పదకొండు మంది కారు యజమానులు
(సంతకాలు, చాసిస్ నంబర్లు వేరే కాగితంలో)